కుట్టేసి పంపిన సీటు

ఓదెలు ఆ సీటును బండి వెనక తాడుతో కట్టుకొని కోరుట్ల నుంచి సిరిసిల్ల దాకా తెచ్చాడు. అరుగు మీద దించి, చెంబెడు నీళ్లు తాగి, "శ్రావణన్న ఇయ్యమన్నడు, మీ అల్లునికి ఎర్కేనట" అన్నాడు. చాయ తాగి పొమ్మని ఎల్లేశం భార్య సత్యవ్వ వాకిట్లోకి వచ్చేసరికి బండి సందు మలుపు తిరిగిపోయింది.

ఎల్లేశానికి మొదట నచ్చనిది ఆ తొందరే.

సీటు బూడిద రంగుది. భుజాల మీదుగా రెండు పట్టీలు, నడుముకు రెండు, కాళ్ల మధ్య నుంచి ఒకటి. అన్నీ వచ్చి పొట్ట దగ్గర ఒక ఎర్ర బటన్‌లో కలుస్తాయి. ఏడాదిన్నర మనవరాలు సహస్ర దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, బటన్ మీద వేలు పెట్టి, తిడతాడా అని తాత ముఖంలోకి చూసింది.

"గిదేందే? మంగలి షాపుల కుర్సీ లెక్కున్నది" అంది సత్యవ్వ.

"విమానంల పాపకు అవ్వా. విమానం సీటు మీద దీన్ని పెట్టి, ఆ సీటు బెల్టుతోనే దీన్ని కడతరు. పాపను దీంట్ల కట్టాలె" అంది కూతురు కల్యాణి.

"ఒళ్లె కూసునే పిల్లకు వేరే సీటెందుకే? రెండేండ్లు నిండేదాక ఒళ్లెనే కదా అందరూ తీస్కపోయేది."

"ఆయన బుక్ చేసిండు" అని కల్యాణి లోపలికి వెళ్లింది.

ఎల్లేశానికి రెండోది కూడా నచ్చలేదు. అల్లుడు నరేశ్ సంగతి అతనికి తెలియనిదా! దుబాయిలో ఏసీల కంపెనీలో సూపర్‌వైజర్. ఫోన్ చేసి "నెట్ అయిపోతది మామా" అని మాట మధ్యలో పెట్టేసే మనిషి. పెళ్లిలో పెట్టిన చెప్పులే అట్టలు వేయించుకొని ఇంకా తొడుగుతున్నాడు. అలాంటివాడు ఒళ్లో పట్టే పిల్లకు విమానంలో నిండు సీటు కొన్నాడంటే దాని వెనక ఏదో ఉండాలి.

ఇంకోటి ఉంది. దాని గురించి ఎల్లేశం ఎవరితోనూ అనలేదు. కల్యాణి పురుడు దుబాయిలోనే పోసుకుంది. మనవరాలిని వాళ్లు మొదటిసారి చూసింది బిడ్డ మొన్న వానాకాలంలో వచ్చినప్పుడే. అప్పుడు పాప ఎడమ కనుబొమ్మ మీద గాయానికి వేసిన పట్టీ ఉంది. ఏమైందంటే ఆటో దిగుతుంటే రాడ్డు తగిలిందని చెప్పింది కల్యాణి. కొన్నాళ్లకు పక్కింటామె అడిగితే, మంచం కోడు తగిలిందంది. రెండూ ఎల్లేశం చెవిన పడ్డాయి. పట్టీ పోయింది, మచ్చ మిగిలింది. ఆ మచ్చను చూసినప్పుడల్లా అతనికి అల్లుడి చేతులు గుర్తొచ్చేవి.

సిరిసిల్లలో వాళ్ల వాడలో ఒక కట్టుబాటు ఉంది. దుబాయికో మస్కట్‌కో పోయే మనిషి ఇంటికి ఎవరూ మూట కట్టి తేకూడదు. మామిడి తొక్కు పచ్చడయినా, సకినాలయినా, మోకాళ్ల నొప్పి గోళీలయినా మూత తీసి తేవాలి. చాప పరిచి, ఇచ్చినవాళ్ల ముందే ఒక్కొక్కటి చూసి, పోయే ఇంటివాళ్లే కట్టుకోవాలి. నాలుగిళ్ల అవతలి నర్సయ్య, ఎవరో ఇచ్చిన మూటను మొహమాటపడి విప్పకుండా తీసుకుపోయాడు. అందులో ఏవో నిద్ర గోళీలు దొరికి, అక్కడి జైల్లో రెండు బతుకమ్మలు గడిపి వచ్చాడు. అప్పటి నుంచి ఈ పద్ధతి. ఇప్పుడు ఎవరింట్లో చాప పరిచినా నర్సయ్యే ముందొచ్చి కూర్చుంటాడు.

ఈ సీటును మాత్రం ఎవరూ విప్పి తేలేదు. పైగా కుట్టేసి పంపారు.

ఎల్లేశం దాన్ని పక్కకు వంచి చూశాడు. వీపు భాగంలో ఏదో సర్రున జారింది. తిరిగి నిలబెడితే తిరిగి జారింది. ఇసుక చప్పుడు. కవర్ బట్టను రెండు వేళ్ల మధ్య పట్టి చూశాడు. అది తన ఊరి బట్టే, బడి పిల్లల యూనిఫారాల కోసం సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద నేసేది. దుబాయి నుంచి వచ్చేసిన శ్రావణ్ అక్కడ కొన్న సీటుకు సిరిసిల్ల యూనిఫారం బట్ట ఎలా వచ్చింది? అంచు చుట్టూ కుట్టు చూస్తే మిషన్‌ది కాదు, చేతి కుట్టు. దగ్గర దగ్గరగా, మళ్లీ ఎవరూ విప్పకూడదన్నట్టు వేసిన కుట్టు.

మరునాడు పొద్దున కల్యాణి పాపకు అన్నం తినిపిస్తుంటే పక్కన కూర్చున్నాడు.

"బిడ్డా, గా సీటు లోపట ఏమున్నదే?"

"మెత్త ఉంటది బాపూ. ఇంకేముంటది?"

"మెత్త సప్పుడు చేస్తదా?"

కల్యాణి ముద్ద కలపడం ఆపింది. "ఏమో."

"జర ఇప్పి సూద్దాం."

"ఇప్పద్దు! కోసినట్టు, పాడైనట్టు కనబడితే విమానంల పెట్టనియ్యరట. జగిత్యాల విజయన్న చెప్పిండు."

"పెట్టనియ్యకపోతే పాయె. ఒళ్లె కూసోబెట్టుకో. అచ్చేటప్పుడు గట్లనే రాలేదా?"

కల్యాణి ముఖంలో రంగు మారింది. "ఒళ్లె కూసోబెట్ట. సీటు లేకుంటే నేను పోనే పోను బాపూ. ఆయన కూడ గట్టిగ చెప్పిండు."

ఆ గొంతులో ఉన్నది భయం. ఎల్లేశం సాంచాల చప్పుడులో బతికిన మనిషి. మాట సరిగా వినిపించకపోయినా ముఖం చూసి తెలుసుకోవడం అలవాటు. అది మొగుడి భయమే అనుకున్నాడు. ఆ మీద ఆలోచన ఆగలేదు. పసిపిల్ల కూర్చున్న కుర్చీని ఎవరు తడిమి చూస్తారు? తల్లికి తెలియకుండా తల్లి చేతనే మోయిస్తున్నారేమో? పట్టుబడితే లోపల పడేది ఎవరు? నరేశా, శ్రావణా? కాదు, తన బిడ్డ. సహస్ర ఎవరి ఒళ్లో పడుతుంది?

ఆదివారం ప్రయాణం. ఈ సంగతి తేలనిదే బిడ్డను విమానం ఎక్కనిచ్చేది లేదనుకున్నాడు. కానీ ఊరికే అనుమానం పెట్టుకొని అల్లుణ్ణి ఒక మాటంటే, అది తప్పయితే, ఆ ఇంట్లో బిడ్డ ఎలా బతుకుతుంది? అందుకని ఎవరితోనూ ఏమీ అనకుండా, "ఏజెంట్‌కు సూపిచ్చుకొస్త" అని సీటును చంకనెత్తుకొని జగిత్యాల బస్సెక్కాడు.

గడియారం టవర్ దగ్గర టికెట్ల ఏజెంట్ విజయ్ ఆఫీసు ఒక చిన్న గది. గోడ నిండా విమానాల బొమ్మలు. విజయ్ టేపు పెట్టి సీటు వెడల్పు కొలిచి, "సరిపోతది కాకా. కిటికీ పక్క సీటే ఇచ్చిండ్రు, మంచిగనే ఉన్నది" అన్నాడు. తర్వాత సీటును తిప్పి తిప్పి చూశాడు. "స్టిక్కర్ ఏది?"

"ఏం స్టిక్కర్?"

"విమానంల వాడచ్చని కంపెనోళ్లు రాసిన స్టిక్కర్ కాకా. ఎర్ర అక్షరాలుంటయి. అది కనబడకపోతే గేటు కాడనే గుంజుకొని సామాన్లల్ల ఏస్తరు. ఏదీ... వెనక లేదు, కింద లేదు." బట్టను గోటితో గీరాడు. "గీ కవర్ కంపెనీది కాదు. ఎవలో కుట్టిండ్రు. ఎవలు కుట్టిండ్రు కాకా?"

"అదే నేనూ అడుగుతున్న."

విజయ్ తల గోక్కున్నాడు. "మీ అల్లుడు కూడ జర పరేషాన్ మనిషే. సీటు గురించి మాటిమాటికీ ఫోన్. పిల్లకు టికెట్ ఎందుకన్న, ఒళ్లె కూసుంటది కదా అంటే, 'నువ్వు బుక్ చెయ్యి, ఎందుకని ఇంట్ల ఎవలకూ చెప్పకు' అన్నడు." అని నాలుక కరుచుకున్నాడు. "నేన్ జెప్పిన్నని అనకుండ్రి కాకా."

బయటికి వచ్చాక ఎల్లేశానికి ఎండ మీదా, మనుషుల మీదా, ఆ ప్లాస్టిక్ కుర్చీ మీదా ఒకేసారి కోపం వచ్చింది. సిరిసిల్ల బస్సు ఎదురుగానే ఉంది. దాన్ని వదిలేసి కోరుట్ల బస్సెక్కాడు. ఇచ్చినవాళ్ల ముందే విప్పాలి. పద్ధతి పద్ధతే.

కండక్టర్ సీటును చూసి, "ఏం పెద్దమనిషీ, కుర్సీ ఉన్నది, పిల్లేది?" అన్నాడు.

"ఇంటికాడున్నది."

"అయితే కుర్సీని ఒళ్లె వెట్టుకో. దానికి టికెట్ గొట్టమంటవా?"

బస్సంతా నవ్వింది. ఎల్లేశం నవ్వలేదు. ప్రతి గుంతలో బస్సు ఎగిరినప్పుడల్లా ఒళ్లోని సీటులో ఆ ఇసుక చప్పుడు అతనికొక్కడికే వినిపించింది.

శ్రావణ్ ఇల్లు వెతుక్కొని పోయేసరికి అతని తల్లి బుచ్చవ్వ గడప దగ్గర చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. సీటును చూడగానే ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"అయ్యో, దాన్ని మల్లెందుకు తెచ్చినవ్ తమ్మీ? నువ్వు సిరిసిల్ల ఎల్లేశానివే కదా?"

"అవునక్కా. మెత్త జర తేడాగున్నది. ఇప్పి సూద్దామని తెచ్చిన."

"ఇప్పకు! మంచిగనే ఉన్నది. నేనే కుట్టిన."

"లోపట ఏం వెట్టినవ్?"

"ఏం వెడ్త? దూదే."

"దూది సర్రున జారుతదా అక్కా?"

బుచ్చవ్వ వంటింటి వైపు ఒకసారి చూసింది. లోపల కుక్కర్ కూత వేసింది. "మెల్లగ మాట్లాడు తమ్మీ" అని ఆమె చేత్తో సైగ చేసింది. "సీటు తీస్కొని సక్కగ ఇంటికి పో. నీకు దండం వెడ్త. మా కోడలు ఇంటది."

ఎల్లేశం సీటును ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. ఇంట్లోవాళ్లకు కూడా తెలియకుండా చేసిన పని! ఈ ముసలామె చేత ఎవరు చేయించారు? అంతలో శ్రావణ్ స్కూటర్ వచ్చి ఆగింది. శ్రావణ్ దుబాయిలో నరేశ్‌తో ఒకే గదిలో ఉన్నవాడు. తర్వాత పెళ్లాం పిల్లాడితో అక్కడ కాపురం పెట్టి, ఇప్పుడు అందరితో ఇంటికి వచ్చేశాడు. సీటు ఆ పిల్లాడిదే. సీటును, ఎల్లేశాన్ని చూసి, "ఏమైంది మామా?" అన్నాడు.

"కొడుకా, మా వాడల ఒక పద్ధతున్నది. ఇచ్చినోళ్ల ముంగటనే ఇప్పుతం. చాప ఉంటే ఎయ్యి."

"గంతేనా? ఇప్పు మామా, అండ్ల ఏముంటది?"

"వద్దుర శ్రావణ్" అంది బుచ్చవ్వ.

శ్రావణ్ తల్లి ముఖంలోకి చూశాడు. నవ్వు మాయమైంది. ఇప్పుడు అనుమానం అతనికీ పట్టుకుంది. మారు మాట్లాడకుండా చాప తెచ్చి పరిచాడు. తల్లి చాటలోంచి బీడీ ఆకు కత్తిరించే కత్తెర తీసి ఎల్లేశం చేతికిచ్చాడు.

ఎల్లేశం పట్టీల జోలికి పోకుండా, ఒక్కో కుట్టే తెంపాడు. నాలుగు వేళ్లు పట్టేంత సందు కాగానే లోపలి నుంచి ఒక చిన్న బట్ట సంచి బయటికి జారింది. దాన్ని కోశాడు. తెల్లటి సన్నటి గింజలు చాప మీద ధారగా పడ్డాయి, కొన్ని సీటు పట్టీల సందుల్లోకి చిందాయి.

"గసాలు" అన్నాడు ఎల్లేశం, ఆ గసగసాలను చూసి తన కళ్లను తానే నమ్మనట్టు.

శ్రావణ్ అక్కడే కూలబడ్డాడు. "అవ్వా... ఏం పని చేసినవే? గసాలు దుబాయిల మత్తుమందు కింద లెక్క. ఒక్క పొట్లం దొరికినా లోపటేస్తరు. ఎయిర్‌పోర్ట్‌ల పట్టుకుంటే ఆ వదినను, ఆ పిల్లను..."

"మత్తుమందేందిరా! మటన్ల ఏసుకుంటం కదరా!"

"ఈడ ఏసుకుంటం అవ్వా. ఆడ ఏసుకోరు."

బుచ్చవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకేం ఎర్క కొడుకా? పసిపిల్లల తలకాయ కింద ఆవాల మెత్త వెడ్తం కదా. ఆవాలు ఏడి చేస్తయని, గుచ్చుతయని, గసాలైతే సల్లగ, మెత్తగుంటయని పోసిన. గా పిల్ల తలకాయ పగిలిందని నువ్వే చెప్తివి. మల్ల దెబ్బ తాకద్దని..."

"మరి కోడలు ఇంటదని ఎందుకు భయపడ్డవక్కా?" అన్నాడు ఎల్లేశం.

జవాబు వంటింటి గుమ్మం నుంచి వచ్చింది. శ్రావణ్ భార్య స్వర్ణలత గరిటె పట్టుకొని నిలబడి చాప వైపు చూస్తోంది. "గసాలకు పురుగు వట్టింది, పారవోసిన అన్నవ్ కదత్తా?"

ముందుగా నవ్వింది స్వర్ణలతే. "చెప్తే నేనే వేరేవి తెచ్చిద్దును. గీ దాపుడెందుకు?" అని గరిటె పక్కన పెట్టి చీపురు తెచ్చింది. అత్తను ఇంకో మాట అనలేదు. ఆ ఇంట్లో ఆ పూట అదెంత పెద్ద దయో ఎల్లేశానికి అర్థమైంది.

అప్పుడు బుచ్చవ్వ అన్న మాట వెనక్కి తిరిగి వచ్చి అతనికి తగిలింది.

"పిల్ల తలకాయ పగిలిందని నీకెవలు చెప్పిండ్రు శ్రావణ్?"

"నరేశే. మీకు చెప్పలేదా మామా?"

"ఆటో రాడ్డు తాకిందన్నది బిడ్డ."

శ్రావణ్ కాసేపు చాప మీది గింజలను వేలితో గీస్తూ కూర్చున్నాడు. "ఆటో కాదు మామా. విమానంల. ఒళ్లె పిల్ల ఉంటే, తల్లి బెల్టుకు తగిలిచ్చేటట్టు ఒక చిన్న బెల్టు ఇస్తరు. పాప గుక్కవట్టి ఏడుస్తున్నదని వదిన జరసేపు దాన్ని తీసింది. అప్పుడే విమానం ఒక్కసారి కిందికి జారింది. పిల్ల ఒళ్లెకెళ్లి లేచి, సీటు చెయ్యికి కొట్టుకున్నది. ఎంత గట్టిగ వట్టుకున్నా చేతులు ఆగయట మామా. వదిన అప్పటిసంది నిద్రల ఉలికి లేస్తున్నదట, ఫోన్ల ఏడుస్తున్నదట. నరేశ్ నాకు ఒకటే చెప్పిండు. 'సీటు నీదిస్తే చాలు, ఎందుకని ఎవలకూ చెప్పకు, దాన్ని ఎవలన్న ఒక్క మాటంటే తట్టుకోదు' అని." ఆగి, చిన్నగా నవ్వాడు. "చెప్పులు కొనుక్కోనోడు పిల్లకు విమానంల సీటు కొన్నడు!"

పొద్దున కల్యాణి గొంతులో విన్న భయం అదే, కానీ మొగుడిది కాదు. తన రెండు చేతుల మీద తనకే నమ్మకం పోయిన తల్లి భయం అది. ఇన్నాళ్లూ ఆ మచ్చలో తను చూసినవి అల్లుడి కొట్టే చేతులు, నిజానికి అవి కల్యాణిని ఎవరూ ఒక్క మాట అనకుండా అడ్డం పెట్టిన చేతులు!

కవర్ మొత్తం తీసేశారు. లోపల కంపెనీ బట్ట నలగకుండా ఉంది. వీపు పక్కన విజయ్ చెప్పిన స్టిక్కర్ ఉంది, ఎర్ర అక్షరాలతో సహా. పిల్లకు గీసుకుంటుందని బుచ్చవ్వ దాన్నీ కప్పేసి కుట్టింది. నలుగురూ సీటు చుట్టూ కూర్చొని గింజలు ఏరారు. స్వర్ణలత తడిబట్టతో సందులు తుడిచింది. శ్రావణ్ ఫోన్ లైటు పట్టుకున్నాడు. చూపు ఆనకపోయినా బుచ్చవ్వే ఎక్కువ ఏరింది. జీవితమంతా తునికాకు మడిచిన వేళ్లు పట్టీల కింద, బకిల్ పక్కన దాక్కున్న గింజలను తడిమి పట్టుకున్నాయి.

"ఇగ పిల్ల తలకాయకు మెత్తగ ఏం పెడుదాం?" అని మళ్లీ ఆమే అడిగింది.

"నీ కాళ్లు మొక్కుత అవ్వా, ఏం వెట్టద్దు. పట్టీకి, పిల్లకు నడుమ ఏం ఉండద్దు. ఊకె బిగిచ్చి కట్టుడే."

"అన్నం తిని పోవాలె మామా" అంది స్వర్ణలత. చాప మీది గసాలను కాగితంలోకి ఎత్తుతూ, "మటన్ అయితే లేదు కని" అంది.

ఎల్లేశం ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతోంది. సత్యవ్వ గుమ్మంలోనే అందుకుంది. "ఏజెంట్ ఏమన్నడు? ఇంతసేపు విమానం నువ్వే నడిపినవా?"

"కోరుట్లకు పోయిన. బుచ్చవ్వ మెత్తగుంటదని గసాలు పోసి కుట్టింది. తీపిచ్చిన."

"గసాలా!" సత్యవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నర్సయ్య కథ ఆమెకూ తెలుసు. తర్వాత ఆ నిలబడిన చోటే నవ్వడం మొదలుపెట్టింది.

కల్యాణి నవ్వలేదు. సీటును చూస్తోంది, తండ్రిని చూస్తోంది. "శ్రావణన్న కలిసిండా?"

"కలిసిండు."

"ఏమన్న అన్నడా?"

ఎల్లేశం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవాల్సిన దానికన్నా ఎక్కువసేపే తుడుచుకున్నాడు. "ఏమంటడు? బిగిచ్చి కట్టాలె అన్నడు. పట్టీ కింద ఏం వెట్టద్దన్నడు. ఏదీ, పాపను కూసోవెట్టు. ఎట్ల కడతరో నేను కూడ సూస్త."

కల్యాణి సహస్రను సీటులో కూర్చోబెట్టింది. భుజాల పట్టీలు దింపి, బకిల్ నొక్కి, కింది పట్టీ లాగి బిగించింది. ఆడుకునే వస్తువు కాదని తెలియగానే పాప ఏడుపు అందుకుంది. మొదట ముక్కుతో, తర్వాత గొంతెత్తి, తర్వాత ముఖమంతా ఎర్రబడి. చేతులు తల్లి వైపు చాచింది.

"అయ్యో, తియ్యవే. ఏడుస్తున్నది" అంది సత్యవ్వ.

కల్యాణి చెయ్యి ఎర్ర బటన్ మీదికి వెళ్లింది. వేలు దాని మీదే ఆగింది. ఎల్లేశం చూస్తున్నాడు. అతనికి ఒకటి అనాలనిపించింది, వంద అనాలనిపించింది. అన్నీ మింగేశాడు. కల్యాణి వేలు నెమ్మదిగా బటన్ మీంచి వెనక్కి వచ్చింది. ఆ చేతిని పాప పొట్ట మీద పెట్టి, కింద కూర్చొని, "ఉండు బిడ్డా, ఉండు, ఈడనే ఉన్న" అని మెల్లగా అంటూ పోయింది. పాప ఏడ్చింది. తల్లి కదల్లేదు. కాసేపటికి ఏడుపు వెక్కిళ్లయింది. ఆ తర్వాత పాప, తల్లి గాజును పట్టుకొని, దాన్ని తీయడానికి ప్రయత్నించడంలో పడిపోయింది.

సత్యవ్వ ఏదో అనబోయింది. ఎల్లేశం వద్దన్నట్టు కళ్లతో చెప్పాడు.

"ఆదివారం బండి ఎన్ని గంటలకు మాట్లాడమంటవ్ బిడ్డా?" అన్నాడు.

కల్యాణి తల ఎత్తకుండానే చెప్పింది. "పొద్దుగాలనే, బాపూ."

ఎల్లేశం బండి మాట్లాడడానికి బయలుదేరాడు. గడప దాటుతూ మళ్లీ ఏమనుకున్నాడో వెనక్కి తిరిగి, "అల్లునికి ఫోన్ చెయ్యి. సీటు మంచిగున్నదని చెప్పు. నేను కూడ మాట్లాడుతనని చెప్పు" అన్నాడు.

"ఆయన నెట్ అయిపోతదంటడు" అంది కల్యాణి.

"అయిపోతే అయిపోయింది. నేనే చేస్త" అని చెప్పులు తొడుక్కున్నాడు.